అటక మీది గాలి తుపాకి: లోపల ఏముంది, ఎలా చూసుకోవాలి

ఉగాదికి ఇంకా కొన్ని వారాలే ఉంది. ఆటల పోటీల సామాను బయటికి తీసి, లెక్క చూసుకుని, చెడిపోయినవాటిని బాగుచేయించే పని సంఘాలన్నిటికీ మొదలయ్యే రోజులివి. కుర్చీలాటకి కుర్చీలు, తాడులాగుడుకి మోకు, ముగ్గుల పోటీకి రంగులు. వీటితో పేచీ లేదు. పేచీ అంతా బెలూన్లు కొట్టే పందెంతోనే. అందులో వాడేది గాలి తుపాకి. మా సంఘం బీరువాలో అలాంటివి రెండున్నాయి. వాటి బాగోగులు చూస్తున్నాం కాబట్టి ఏటా ఈ రోజుల్లో హోసూరు నుంచీ, బళ్ళారి నుంచీ, బరంపురం నుంచీ తెలిసినవాళ్ళు ఫోన్ చేసి ఇంచుమించు ఒకటే ప్రశ్న అడుగుతారు: "మా తాతగారి కాలంనాటి ఎయిర్ గన్ అటక మీద ఉందండీ, ఏ నూనె వేస్తే పనిచేస్తుంది?"

ఒక్క ముక్కలో జవాబు కావాలంటే, ముందు ఆ నూనె డబ్బా పక్కన పెట్టండి. ఎందుకో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

మన ఇళ్ళల్లో ఇవి ఉండటం వింతేమీ కాదు. పొరుగు రాష్ట్రాలకి వలస వచ్చి భూములు చేసుకున్న మన కుటుంబాల్లో జొన్న చేను మీద వాలే చిలకల్ని, కొబ్బరితోట మీద పడే కోతుల్ని బెదరగొట్టడానికి ఒకటి కొనిపెట్టుకోవడం మామూలుగా ఉండేది. పేరుకి తుపాకి, పనికి వడిసెల. పిట్టలదొర భుజాన ఉండే కర్ర తుపాకి కంటే కొంచెం మేలనుకునేవాళ్ళు. ఆ తరం వెళ్ళిపోయింది, పొలాలు కౌలుకి పోయాయి, తుపాకి అటకెక్కింది. ఇప్పుడు సెలవులకి వచ్చిన మనవడి కంట్లో పడుతోంది. మా భయమంతా అక్కడే.

లోపల జరిగేది

మనలో అరవై దాటినవాళ్ళకి గాలి తుపాకి లోపలి సంగతి చెప్పడం తేలిక. పంపు స్టవ్వు గుర్తుందా? దాని పంపు పుల్లకి చివర చిన్న గిన్నెలాంటి తోలు వాషరు ఉండేది. అది ఎండిపోతే ఎంత కొట్టినా గాలి ఎక్కేది కాదు. అమ్మ ఒక చుక్క కొబ్బరినూనె రాసి, వేళ్ళతో అంచులు విప్పి మళ్ళీ దూర్చేది. స్టవ్వు బుస్సుమనేది. సైకిలు పంపులోనూ అదే కథ.

గాలి తుపాకిలో కూడా అలాంటి పంపే ఉంది. తేడా ఏమిటంటే దాన్ని చెయ్యి కాదు, బలమైన స్ప్రింగు తోస్తుంది. గొట్టాన్ని మధ్యకి విరిచి కిందికి లాగినప్పుడు ఒక కడ్డీ పిస్టన్ని వెనక్కి నెడుతుంది, స్ప్రింగు నొక్కుకుపోతుంది, వెనక ట్రిగ్గర్ దగ్గర ఉన్న కొక్కెం దాన్ని పట్టుకుంటుంది. గొట్టంలో సీసపు పెల్లెట్ పెట్టి మూసేస్తాం. ట్రిగ్గర్ నొక్కితే కొక్కెం వదులుతుంది. స్ప్రింగు పిస్టన్ని ముందుకి కొడుతుంది. ముందున్న గాలంతా ఒక సన్న రంధ్రంలోంచి దూరి పెల్లెట్‌ని తోసేస్తుంది. ఇదంతా రెప్పపాటులో అయిపోతుంది. తిరునాళ్ళలో అమ్మే 6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గుళ్ళ బొమ్మ తుపాకీల్లో కూడా చాలావాటిలో సూత్రం ఇదే. స్ప్రింగు బలహీనం, భాగాలు ప్లాస్టిక్, అంతే తేడా.

కాబట్టి లోపల అరిగేవి, చెడేవి నాలుగే నాలుగు. పిస్టన్ ముందుండే వాషరు, స్ప్రింగు, గొట్టం విరిగే చోట గాలి బయటికి పోకుండా ఆపే చిన్న సీలు, ట్రిగ్గర్ కొక్కెం. మొదటి మూడూ చెడితే తుపాకి బలం తగ్గుతుంది. నాలుగోది చెడితే మనుషులకి దెబ్బ తగులుతుంది.

ఇక్కడ ఒక మాట. పెల్లెట్ లేకుండా ఉత్తినే పేల్చడం పిల్లలకి సరదా. అది తుపాకికి చేటు. పెల్లెట్ అడ్డంగా ఉన్నప్పుడు దాని వెనక నొక్కుకున్న గాలి మెత్తలాగా ఉండి, పిస్టన్ చివరిదాకా వెళ్ళి గుద్దుకోకుండా ఆపుతుంది. పెల్లెట్ లేకపోతే గాలి చప్పున బయటికి పోతుంది, పిస్టన్ పోయి సిలిండర్ మూతిని గుద్దుతుంది. అలా కొంతకాలం జరిగితే వాషరు నలిగిపోతుంది, స్ప్రింగు పగలొచ్చు. మగ్గం మీద పనిచేసిన షోలాపూరు పెద్దలకి ఇది చెప్పనక్కర్లేదు. నాడె వచ్చి తగిలేచోట మెత్త లేకపోతే పెట్టె ఎన్నాళ్ళుంటుందో వాళ్ళకి తెలుసు.

అటక మీంచి దించగానే

దించిన తుపాకిలో స్ప్రింగు ఎక్కి ఉందనీ, లోపల పెల్లెట్ ఉందనీ అనుకునే పట్టుకోవాలి. ఇరవై ఏళ్ళు ముట్టుకోలేదు కదా అనే ధీమా పనికిరాదు. మూతి ఎవరి వైపూ, ఏ గోడ అవతల మనుషులున్నారో ఆ గోడ వైపూ ఉండకూడదు. వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు.

ఆ తర్వాత ఒక చేత్తో పిడిని తొడ మీద ఆనించుకుని, రెండో చేత్తో గొట్టాన్ని గట్టిగా పట్టుకుని నెమ్మదిగా విరవండి. ఎదురు తోస్తూ బరువుగా వస్తే స్ప్రింగు ఎక్కి లేనట్టు. చివరిదాకా లాగి ఎక్కించకుండా, పట్టు వదలకుండా మెల్లిగా వెనక్కి పోనిచ్చి ఆపేయండి. ఏ బరువూ లేకుండా తలుపు రెక్కలా వచ్చేస్తే స్ప్రింగు ముందే ఎక్కి ఉన్నట్టు. ఎన్నో ఏళ్ళ నుంచి అలా ఎక్కి ఉంటే స్ప్రింగు కుంగిపోయి ఉంటుంది, కొక్కెం తుప్పుపట్టి ఎప్పుడు జారుతుందో తెలియదు. అలాంటిదాన్ని ఇంట్లో ఎవరూ ముట్టుకోకుండా, గొట్టం మూసి, మూతిని ఇసుకబస్తా వైపు పెట్టి, బాగుచేసే మనిషికి ఫోన్ చేసి "స్ప్రింగు ఎక్కి ఉంది" అని ముందే చెప్పాలి. చెప్పకుండా బల్ల మీద పెట్టడం అతనికి ద్రోహం.

గొట్టం విరిచి ఉన్నప్పుడు ట్రిగ్గర్ నొక్కడం అన్నిటికన్నా ప్రమాదం. స్ప్రింగు ఒక్కసారిగా వదిలితే గొట్టం ఎలుకలబోనులా ఎగిరి మూసుకుంటుంది. మా ఊరి ఎగ్జిబిషన్‌లో ఒక బెలూన్ల దుకాణంలో పనిచేసే కుర్రాడికి పెల్లెట్ పెడుతుండగా ఇలాగే జరిగింది. అరిగిన కొక్కెం తనంతట తనే జారింది. బొటనవేలి కొస పోయింది. ఆ కుర్రాడు గొట్టాన్ని పట్టుకోకుండా ఒంటిచేత్తో పెల్లెట్ పెడుతున్నాడు. రెండో చెయ్యి గొట్టం మీద ఉండి ఉంటే ఆ విసురు కొంతైనా ఆగేది. మా సంఘం పందెంలో పిల్లల చేత పెల్లెట్ పెట్టించం. పెద్దవాళ్ళే ఒక చేత్తో గొట్టం బిగబట్టి, రెండో చేత్తో పెట్టి, మూసి ఇస్తారు. పందెం నెమ్మదిగా సాగుతుందని గొణుగుళ్ళు వస్తాయి, రానివ్వండి.

నూనె సంగతి

ఇప్పుడు అసలు ప్రశ్నకి వద్దాం. సిలిండర్లో గాలి ఒక్కసారిగా నొక్కుకున్నప్పుడు బాగా వేడెక్కుతుంది. డీజిల్ ఇంజన్లో నిప్పురవ్వ లేకుండానే డీజిల్ అంటుకునేది ఈ వేడి వల్లే. పిస్టన్ ముందు కుట్టుమిషను నూనె గానీ, తుప్పు విడిపించే స్ప్రే గానీ, ఇంజనాయిలు గానీ ఉంటే అదీ అలాగే అంటుకుంటుంది. ఢామ్మని పెద్ద చప్పుడు, మూతి దగ్గర పొగ, మాడు వాసన. చూసినవాళ్ళు "అబ్బో, తుపాకికి బలం వచ్చింది" అని మురిసిపోతారు. లోపల మాత్రం వాషరు కాలుతుంది, స్ప్రింగు ఎదురుదెబ్బ తింటుంది. పెల్లెట్ ఏ వేగంతో పోతుందో ఎవరికీ లెక్క ఉండదు. కొబ్బరినూనె స్టవ్వు పంపుకి అమృతమే కానీ ఇక్కడ వద్దు. చలికి గడ్డకడుతుంది, నిలవుంటే జిగురవుతుంది, వేడికి అంటుకుంటుంది.

పాతకాలపు తుపాకుల్లో ఎక్కువగా తోలు వాషరే ఉంటుంది. అది ఎండకుండా ఉండాలంటే తడి కావాలి. అందుకు వాడేది ఎయిర్ గన్ల కోసమే అమ్మే సిలికోన్ నూనె. అది అంత తేలిగ్గా అంటుకోదు. స్ప్రింగు ఎక్కించకుండా, పిడి కింద, మూతి పైన ఉండేలా తుపాకిని నిలబెట్టి, గొట్టం కొంచెం విరిచి పట్టుకుని ఆ సన్న రంధ్రంలో ఒకటి రెండు చుక్కలు వేసి, రాత్రంతా అలాగే నిలబెట్టి ఉంచాలి. రెండు చుక్కలంటే రెండే. పోపులో నూనెలాగా చెయ్యి జారనివ్వకూడదు. మర్నాడు మొదటి నాలుగైదు దెబ్బలకి కాస్త పొగ రావచ్చు, ఆ తర్వాత తగ్గాలి. కొత్తరకం తుపాకుల్లో వాషరు తోలుది కాదు, ప్లాస్టిక్ జాతిది. దానికి ఈ నూనె కూడా మాటిమాటికీ అక్కర్లేదు. కంపెనీవాళ్ళు ఇచ్చిన పుస్తకంలో ఉన్నంతే.

ఇదే సిలికోన్ నూనెని స్ప్రింగుకీ, గొట్టం విరిగే కీలుకీ రాసేవాళ్ళున్నారు. ఇనుముకీ ఇనుముకీ మధ్య అది నిలవదు, రాపిడిని ఆపదు. కీలుకి మాలిబ్డినం గ్రీజు కావాలి, అదీ అగ్గిపుల్ల కొసన పట్టేంత. ఆటో విడిభాగాల దుకాణాల్లో నల్లగా ఉండే గ్రీజు అడిగితే ఇస్తారు. కీలు కిర్రుమంటూ ఇసుక నలిగినట్టు కదులుతుంటే మాత్రం పాత గ్రీజు తుడిచేసి కొత్తది రాయాలి. రాయచూరు, బళ్ళారి వైపు దుమ్ములో పాత గ్రీజు మీదే కొత్తది పూస్తే అది సానరాయి ముద్దలా తయారవుతుంది.

గొట్టం, సీలు

గొట్టాన్ని రోజూ తోమాల్సిన పని లేదు. ఇది మందు పేలే తుపాకి కాదు, మసి పట్టదు. సీసం మెత్తన. లోపలి గాడుల్లో కొద్దికొద్దిగా అంటుకుని గురి తప్పడం మొదలైనప్పుడు శుభ్రం చేస్తే చాలు. చేపల గాలానికి వాడే నైలాన్ దారం మడిచి గొట్టంలోకి దూర్చి, దాని కొసకి చిన్న నూలు గుడ్డముక్క తగిలించి, పెల్లెట్ పెట్టే వైపు నుంచి మూతి వైపుకి లాగాలి. గుడ్డ తెల్లగా వచ్చేదాకా ముక్కలు మార్చాలి. సైకిలు పుల్లలు, గొడుగు కమ్ములు, ఇనుప తీగ బ్రష్షులు దూర్చకండి. మూతి అంచున ఒక్క గీత పడితే గురి శాశ్వతంగా పోయినట్టే. గాడులున్న గొట్టంలో స్టీలు గుండ్లు వాడటం కూడా అంతే. సైకిలు బేరింగు గుండ్లు వేసేవాళ్ళని కూడా చూశాం, వాళ్ళకి చెప్పేదేమీ లేదు.

పెల్లెట్ లోపల ఇరుక్కుంటే ఇంకో పెల్లెట్ పెట్టి పేల్చి తోయించాలని చూడకండి. స్ప్రింగు ఎక్కి లేదని రూఢి చేసుకుని, సన్నని ఇత్తడి కడ్డీతో మూతి వైపు నుంచి వెనక్కి నెమ్మదిగా నెట్టాలి.

బలం తగ్గిందని అనుమానం వస్తే ముందు అనుమానించాల్సింది గొట్టం విరిగేచోటి సీలుని. పాతవాటిలో అది తోలు చక్రం, కొత్తవాటిలో రబ్బరు ఉంగరం. పరీక్ష సులువు. పల్చటి టిష్యూ కాగితం పేలిక ఒకటి ఆ అతుకు మీద వేలాడేలా పెట్టి, పెల్లెట్ వేసి ఇసుకబస్తాలోకి పేల్చండి. కాగితం ఎగిరిందంటే గాలి అక్కడి నుంచి పోతోంది. ఉంగరం మారిస్తే తీరిపోతుంది, ఖర్చు కూడా కొద్దే. కాగితం కదలకుండా బలం మాత్రం తక్కువగా ఉంటే తప్పు పిస్టన్ వాషరుదో, స్ప్రింగుదో. ఎక్కించేటప్పుడు లోపల కరకరమని రాపిడి, పేల్చగానే వీణ తీగ మీటినట్టు మోత వస్తే స్ప్రింగు వంగిందో పగిలిందో అయి ఉంటుంది.

అక్కడితో మన పని అయిపోయింది. స్ప్రింగుని ఇంట్లో విప్పవద్దు. ఎక్కించకుండా ఉన్నప్పుడు కూడా అది కొంత నొక్కుడులోనే ఉంటుంది. వెనక దిమ్మెని పట్టుకున్న పిన్ను తీయగానే దిమ్మె, స్ప్రింగు రెండూ ముఖం మీదికి ఎగిరి వస్తాయి. బాగుచేసేవాళ్ళ దగ్గర దాన్ని బిగించి పట్టి, మరను తిప్పుతూ కొద్దికొద్దిగా వదిలే బిగింపు ఉంటుంది. యూట్యూబు చూసి బెంచీ మీద మోకాలు పెట్టి విప్పే ధైర్యం చెయ్యకండి.

ఊరి గాలి

యానాం, చెన్నై, బరంపురం లాంటి చోట్ల ఉప్పుగాలి. చెమట చేతులతో పట్టుకుని అలాగే బీరువాలో పెడితే వారంలో వేలిముద్రలు తుప్పుగా తేలతాయి. వాడిన ప్రతిసారీ పైన కాస్త నూనె తడి ఉన్న గుడ్డతో తుడవాలి. ఇది పైపైకే కాబట్టి కుట్టుమిషను నూనె చాలు. రెక్సిన్ సంచీలో, లోపల స్పాంజి ఉన్న పెట్టెలో వానాకాలమంతా ఉంచితే స్పాంజి తేమని పీల్చి ఇనుముకి అంటిస్తుంది. పాత పంచె గుడ్డలో చుట్టి, మందుసీసాల్లో వచ్చే తేమ పీల్చే పొట్లాలు నాలుగు పక్కన పడేసి పెట్టండి. ఎప్పుడూ స్ప్రింగు దించే పెట్టాలి. పిడికి ఉండే మరలు పేల్చినప్పటి కుదుపుకి వదులవుతాయి, పందెం ముందు రోజు ఒకసారి బిగించి చూసుకోవాలి. పెల్లెట్ డబ్బా వేరే తాళం కింద ఉండాలి.

చట్టం మాట

ఇది ఎక్కువమంది దాటేసే విషయం. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం గాలి తుపాకి శక్తి 20 జౌళ్ళు మించినా, గొట్టం వ్యాసం 4.5 మిల్లీమీటర్లు మించినా లైసెన్సు కావాలి. అర గ్రాము పెల్లెట్ సెకనుకి 180 మీటర్ల వేగంతో పోతే దాని శక్తి 8 జౌళ్ళు. 283 మీటర్లు చేరితే 20 జౌళ్ళు అవుతుంది. అంటే మామూలు తుపాకి హద్దులోనే ఉంటుంది. బాగుచేయించేటప్పుడు "ఇంకా గట్టి స్ప్రింగు వెయ్యి" అని అడిగితే లైసెన్సు అక్కర్లేని వస్తువు లైసెన్సు కావలసిన ఆయుధంగా మారిపోవచ్చు. పాతవాటిలో 5.5 మిల్లీమీటర్ల గొట్టం ఉన్నవీ ఉన్నాయి. గొట్టం మీద .22 అని ముద్ర ఉంటే అదే. అలాంటిది ఇంట్లో ఉంటే శుభ్రం చేయడం సంగతి తర్వాత, ముందు దగ్గరి పోలీసు స్టేషన్లో అడిగి కాగితం సంగతి తేల్చుకోండి. భాష రాని రాష్ట్రంలో కాదు మనం ఉన్నది. మూడు తరాలుగా కన్నడం, తమిళం, ఒడియా, మరాఠీ మాట్లాడుతూనే ఉన్నాం. అడగడానికి మొహమాటపడనక్కర్లేదు. బిల్లు ఉంటే నకలు తీయించి తుపాకితోపాటే ఉంచండి, ముఖ్యంగా రాష్ట్రం సరిహద్దు దాటించేటప్పుడు.

పిట్టల మీద పేల్చడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. మన తాతల రోజుల్లో నడిచింది ఇప్పుడు నడవదు. అరుణాచల్ ప్రదేశ్‌లో 2021లో పక్షుల్ని కాపాడటానికి జనం తమ ఎయిర్ గన్లు తెచ్చి అప్పగించే కార్యక్రమమే పెట్టారు. ఇంట్లో ఉన్నది ఎవరికీ అక్కర్లేదనుకుంటే అప్పగించడమో, బాగుచేసేవాళ్ళ చేత స్ప్రింగు తీయించి ఉత్త బొమ్మగా గోడకి తగిలించుకోవడమో మంచి పనే.

పిల్లలకి నిజంగా ఈ విద్య మీద ఆసక్తి ఉంటే అటక మీది తుపాకితో కాదు, జిల్లా రైఫిల్ క్లబ్బులో నేర్పించండి. 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం తెచ్చిన గగన్ నారంగ్ చెన్నైలో పుట్టి హైదరాబాదులో పెరిగినవాడు. 2024 పారిస్‌లో 50 మీటర్ల రైఫిల్‌లో కాంస్యం తెచ్చిన స్వప్నిల్ కుసాలేది కొల్హాపూరు జిల్లా. 10 మీటర్ల పోటీలో పదికి పది వచ్చే చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. ఆ పోటీ తుపాకుల్లో స్ప్రింగు ఉండదు. ముందే గాలి నింపిన చిన్న సిలిండర్ ఉంటుంది, దాదాపు 200 బార్ల ఒత్తిడి. ఆ సిలిండర్ మీద గడువు తేదీ ముద్రించి ఉంటుంది, మామూలుగా 10 ఏళ్ళు. గడువు దాటినదాన్ని సగం ధరకి అమ్ముతున్నారని కొనకండి. పోటీలోకి రానివ్వరన్నది ఒకటి, 200 బార్ల గాలి పిల్లవాడి చెంప పక్కన ఉంటుందన్నది రెండోది.

ఇక మా ఉగాది పందెం సంగతి. బెలూన్ల వెనక చెక్క బోర్డు తీసేసి, వదులుగా వేలాడే గోనెపట్టాలు రెండు వరసలు కడుతున్నాం. చెక్కకి తగిలి పెల్లెట్ వెనక్కి రావచ్చు, గోనెపట్టా అయితే దాని వేగాన్ని మింగేస్తుంది. పేల్చేవాళ్ళకీ, పెల్లెట్ పెట్టేవాళ్ళకీ కళ్ళద్దాలు ఉంటాయి. 50 పెల్లెట్ల లెక్కన డబ్బా ఇచ్చి, సాయంత్రం మిగిలినవి లెక్కపెట్టి రిజిస్టరులో సంతకం తీసుకుంటాం. తెల్లటి పొడి పట్టిన పాత పెల్లెట్లు వాడం. సీసం ముట్టుకున్న చేతులతో పులిహోర పొట్లం విప్పకుండా ఉండటానికి ఈసారి పందెం పక్కనే నీళ్ళ డ్రమ్ము, సబ్బు పెడుతున్నాం. పిల్లల్ని తీసుకొచ్చేవాళ్ళు చేతులు కడిగించాకే భోజనాల వైపు పంపండి.